రెండు రూపాయల టీకా, నాలుగు లక్షల కుందేళ్లు

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే బస్సు సూర్యాపేటలో ఆగగానే మీరంతా హోటల్లోకి దూరతారు కదా పిల్లలూ. ఇడ్లీ సగం కొరికి వదిలేస్తారు, సాంబారు ముట్టుకోరు, బిర్యానీలో ముక్క ఏరుకుని అన్నం మిగిలిస్తారు. ఆ మిగిలిందంతా ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా చూశారా? హోటల్ వెనక్కి వెళ్తే ప్లాస్టిక్ డ్రమ్ములు వరసగా కనిపిస్తాయి. ట్రాలీ ఆటో ఒకటి వచ్చి వాటిని ఎక్కించుకుని ఊరి చివరికి పోతుంది. అక్కడ పందుల దొడ్డి ఉంటుంది. కోదాడ దాకా ఈ రోడ్డు పొడుగునా ఇదే వరస. ఇటు మిర్యాలగూడ వైపు పోతే ఎంగిలికి తోడు రైస్ మిల్లుల తవుడూ, నూకలూ దొరుకుతాయి. తిండి ఖర్చు తక్కువ, ఈతకు ఎనిమిదో పదో పిల్లలు. పంది లాంటి లాభసాటి జీవం ఇంకోటి లేదని పెంచేవాళ్లు అంటారంటే ఊరికే అనరు.

కానీ ఆ లాభమంతా వారం పది రోజుల్లో ఊడ్చుకుపోయే జబ్బు ఒకటుంది. దాని పేరు స్వైన్ ఫీవర్. దానికి టీకా ఉందని చెప్పగానే మా మనవరాలు చిన్ని, ఇంటర్ బైపీసీ చదువుతోంది లెండి, "పందులకు కూడా టీకాలేంది తాతా?" అని నవ్వింది. ఎందుకుండవే? టీకాల చరిత్రలో పంది వాటా చిన్నదేం కాదు. ఇవాళ ఆ కబుర్లే చెప్తాను. నలభై ఏళ్లు పశువుల దవాఖానల్లో పనిచేసినవాణ్ణి, ఇంతకంటే మంచి కబుర్లు నా దగ్గర ఏముంటాయి!

ముందు జబ్బు సంగతి. ఆరోగ్యంగా ఉన్న పందికి ఒళ్లు 102 డిగ్రీల దగ్గర ఉంటుంది. స్వైన్ ఫీవర్ పట్టుకుంటే 106 కూడా దాటుతుంది. మేత ముందు పెట్టినా లేవదు. వణికిపోతూ దొడ్లో ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి పడి పడుకుంటాయి. కళ్లు పుసులు కట్టి అతుక్కుపోతాయి. ముందు మలబద్ధకం, తర్వాత పసుపుపచ్చ పారుడు. చెవులూ, పొట్ట కిందా చర్మం ఊదారంగుకు తిరుగుతుంది. నడిపిస్తే వెనక కాళ్లు తూలతాయి. చూడి పంది అయితే ఈసుకుపోతుంది. చనిపోయినదాన్ని కోసి చూస్తే మూత్రపిండం మీద సూదిమొన తగిలినంత ఎర్రటి చుక్కలు పొడిచి ఉంటాయి, ప్లీహం అంచుల్లో నల్లగా చచ్చుబడిన ముక్కలు కనిపిస్తాయి. సన్నటి రక్తనాళాలు చిట్లడం వల్ల వచ్చే గుర్తులవి. పశువుల డాక్టరుకు ఆ రెండు గుర్తులూ కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. ఒకటి చెప్పాలి, ఈ వైరస్ మనిషికి అంటదు. అంటేది మనిషి జేబుకే. మన దేశంలో దీనివల్ల ఏటా పోయే సొమ్ము సుమారు 430 కోట్ల రూపాయలని అంచనా.

ఈ జబ్బు మీద మొదట పెద్ద ఎత్తున పడ్డవాళ్లు అమెరికా వాళ్లు. 19వ శతాబ్దంలో అక్కడి పందుల మందలను ఇది ఊడ్చేసింది. 1880ల్లో డేనియల్ సాల్మన్, థియోబాల్డ్ స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చచ్చిన పందుల్లో ఒక బాక్టీరియాను పట్టుకుని, దొంగ దొరికాడన్నారు. ఆ బాక్టీరియాను వేడిచేసి చంపి పావురాలకు ఎక్కించారు. తర్వాత బతికున్న బాక్టీరియా ఎక్కించినా ఆ పావురాలు చావలేదు. చచ్చిన సూక్ష్మజీవితో కూడా రక్షణ తెప్పించవచ్చని లోకానికి తెలిసింది 1886లో, ఆ పావురాల వల్లే. ఇవాళ మనకు వేసే ఎన్నో టీకాలకు మూలం అక్కడుంది.

"మరి పందులు బతికాయా?" అంది చిన్ని. అదే విచిత్రం. పందులకు ఆ టీకా పనిచేయలేదు. ఇరవై ఏళ్లు కూడా తిరగకముందే, 1903 ప్రాంతంలో, డి ష్వైనిట్జ్, మేరియన్ డోర్సెట్ అనేవాళ్లు జబ్బు పందుల రక్తాన్ని బాక్టీరియా దాటలేనంత సన్నటి వడపోతలో పోసి చూశారు. వడపోతలో దిగిన ద్రవంలో ఏ బాక్టీరియా లేదు. అయినా అది ఎక్కించిన పంది జబ్బు పడింది. అసలు దొంగ వైరస్ అని అప్పుడు తేలింది. ముందు దొరికిన బాక్టీరియా జబ్బుతో నీరసించిన పందిలో ఆ తర్వాత దూరినది. అదేమిటనుకున్నారు? మనకు కలుషితమైన తిండితో వచ్చే సాల్మొనెల్లా జాతిదే. సాల్మన్ గారి పేరే దానికి నిలిచిపోయింది.

వైరస్ అని తెలిశాక టీకా ఎలా చేయాలి? బాక్టీరియాను సీసాలో ఇంత పోషకద్రవం పోసి పెంచవచ్చు. వైరస్ అలా పెరగదు, దానికి బతికున్న కణం కావాలి. బతికున్న పందిలో పెంచితే పందినే చంపుతుంది. అప్పుడు వేసిన ఎత్తు ఏమిటంటే, దాన్ని వేరే జంతువులోకి పంపడం. పంది వైరస్‌ను కుందేలుకు ఎక్కిస్తారు. అక్కడ దానికి సరిగ్గా ఒంటదు, ఏదో కాస్త పెరుగుతుంది. ఆ కుందేలు ప్లీహం తీసి నూరి ఇంకో కుందేలుకు, దాన్నుంచి మరో కుందేలుకు, అలా వందలసార్లు. ఇల్లరికం వెళ్లిన అల్లుడు అత్తవారి ఊళ్లో ఏళ్లూ పూళ్లూ గడిపి, సొంతూరి పొలం గట్లు మర్చిపోయినట్టు, ఆ వైరస్ కుందేలులో స్థిరపడేకొద్దీ పందిని చంపే విద్య మర్చిపోతుంది.

మర్చిపోవడమంటే ఏమిటో శాస్త్రం భాషలో కూడా వినండి. ఇది ఆర్‌ఎన్‌ఏ వైరస్. దాని జన్యుపదార్థం పన్నెండు వేల పైచిలుకు అక్షరాల పొడుగు. ఆర్‌ఎన్‌ఏను నకలు తీసే ఎంజైముకు దిద్దుకునే అలవాటు లేదు, అందుకే ప్రతి నకలులోనూ ఒకటో అరో తప్పు దొర్లుతూ ఉంటుంది. కుందేలులో బాగా పెరగడానికి పనికొచ్చిన తప్పులు నిలుస్తాయి. పంది రక్తనాళాలనూ, తెల్ల రక్తకణాలనూ ధ్వంసం చేసే నేర్పు కుందేలులో అక్కరకు రాదు కాబట్టి అది చెడిపోయినా వైరస్‌కు నష్టం లేదు. కాలక్రమాన అలాంటి రకమే మిగులుతుంది. పైపొర మాత్రం పెద్దగా మారదు. పంది శరీరం గుర్తుపట్టాల్సింది ఆ పైపొరనే, ముఖ్యంగా దాని మీది ఈ2 అనే ప్రోటీన్‌ను. అందుకని ఈ బలహీనపడ్డ వైరస్‌ను పందికి సూది వేస్తే జబ్బు రాదు, వారం లోపే రక్షణ మాత్రం వస్తుంది. 1950ల్లో చైనాలో ఇలా కుందేళ్లలో తయారుచేసిన 'సీ' రకం టీకా ప్రపంచంలో చాలా దేశాలను ఈ జబ్బు నుంచి గట్టెక్కించింది.

మెత్తబడ్డదని నమ్మకమేమిటంటారా? వేసిన పంది నుంచి వైరస్ తీసి ఇంకో పందికి, దాన్నుంచి మరో పందికి ఎక్కించి చూస్తారు. పందుల్లో తిరిగేకొద్దీ పాత బుద్ధి మళ్లీ వస్తోందేమోనని పరీక్ష. తర్వాత టీకా వేసిన పందులకూ, వేయనివాటికీ అసలు వైరస్‌ను ఎక్కించి ఏవి నిలుస్తాయో చూస్తారు. రెండింటిలోనూ నెగ్గితేనే టీకా బయటికొస్తుంది.

మన దేశంలో 1964 నుంచి వాడింది కుందేలు టీకాయే. దాని మూలం ఇంగ్లండు నుంచి వచ్చిన వేబ్రిడ్జ్ రకం. దాంతో చిక్కు ఎక్కడుందో చిన్నికి ఒక లెక్క ఇచ్చాను. "ఒక కుందేలు ప్లీహం నుంచి 50 డోసులు వస్తాయి. దేశానికి ఏటా కావాల్సింది 2 కోట్ల డోసులు. ఎన్ని కుందేళ్లు?" కాగితం లేకుండానే చెప్పింది, "నాలుగు లక్షలు! అన్ని కుందేళ్లు ఏడ దొరుకుతయి తాతా?" దొరకవు. అందుకే ఏటా తయారైంది సుమారు 12 లక్షల డోసులే. అంటే పదహారు డోసులు కావాల్సిన చోట ఒక్కటి. 2019 పశుగణనలో దేశంలో 90 లక్షల పందులున్నాయి. ఆడపందులు ఏడాదికి రెండు ఈతలు ఈనుతాయి, పుట్టిన ప్రతి పిల్లకూ సూది కావాలి. దానికి తోడు ఆ టీకా రక్షణ మూడు నుంచి ఆరు నెలలే ఉండేదని లెక్క. ధర డోసుకు 15 నుంచి 25 రూపాయలు ఉండేది. కొరియా నుంచి తెప్పించుకుంటే 30.

ఉత్తరప్రదేశ్‌లో బరేలీ పక్కన ఇజ్జత్‌నగర్ ఉంది. అక్కడి భారత పశువైద్య పరిశోధన సంస్థ వాళ్లు ఈ కుందేళ్ల బెడద వదిలించే పని పెట్టుకున్నారు. ముందు ఆ విదేశీ టీకా వైరస్‌నే ప్రయోగశాలలో పెంచే కణాలకు అలవాటు చేశారు. తర్వాత మన దేశపు పందుల్లో తిరిగే వైరస్‌నే తీసుకుని, దాన్ని కణాల్లో పెంచి బలహీనపరిచి కొత్త టీకా చేశారు. 2020 ఫిబ్రవరిలో అది విడుదలైంది. కుందేలు అక్కర్లేదు, కోత అక్కర్లేదు. ఒక విడతలో లక్షల డోసులు. విడుదలప్పుడు చెప్పిన ధర డోసుకు 2 రూపాయల లోపు. రక్షణ రెండేళ్ల దాకా.

కణాల్లో వైరస్‌ను పెంచడం ఎలా ఉంటుందో చెప్తే మీకు సరదాగా ఉంటుంది. పంది మూత్రపిండం నుంచి ఎప్పుడో తీసిన కణాలు ప్రయోగశాలల్లో తరతరాలుగా విభజన చెందుతూ బతుకుతున్నాయి, వాటిని పీకే-15 అంటారు. చదునైన సీసా అడుగున గులాబీరంగు పోషకద్రవం కింద ఒక పలచటి పొరగా పరుచుకుంటాయి. చాలా వైరస్‌లు అక్కడ పడితే కణాలు ఉబ్బి, గుండ్రపడి, ఊడిపోయి పొరలో చిల్లులు పడతాయి. సూక్ష్మదర్శినిలో చూడగానే వైరస్ ఉందని తెలిసిపోతుంది. స్వైన్ ఫీవర్ వైరస్ అలా ఆనవాలివ్వదు. కణాలు నిమ్మళంగా ఉంటాయి, లోపల మాత్రం వైరస్ లక్షల్లో పెరుగుతుంటుంది. అది కనపడాలంటే వైరస్‌కు అతుక్కునే ప్రతిరక్షకాలకు మెరిసే రంగు కలిపి పోయాలి. అప్పుడు చీకటి గదిలో అతినీలలోహిత కాంతి కింద పెడితే కణాలు ఆకుపచ్చగా వెలుగుతాయి. వెలిగిన కణాలను లెక్కపెడితే టీకా బలం తెలుస్తుంది.

ఇంతదాకా వచ్చాక చిన్ని ఒక పట్టు పట్టింది. "కణాల్లో పెంచడం 2020 దాకా ఎవరికీ తెలియదా తాతా?" తెలియకేం! ముసర రోగం పేరు మీ తాతమ్మ తరానికి తెలుసు. ఎడ్లూ బర్రెలూ ఊళ్లకు ఊళ్లు చచ్చేవి. దాని వైరస్‌ను 1920ల్లో ముక్తేశ్వర్‌లో ఎడ్వర్డ్స్ అనే ఆయన మేకల్లో తిప్పి తిప్పి మెత్తబరిచారు. 1960 నాటికి ప్లోరైట్ అనే ఆయన కెన్యాలో కణాల్లో పెంచిన టీకా తెచ్చారు. 2011లో ఆ జబ్బే భూమ్మీద లేదని ప్రకటించారు. స్వైన్ ఫీవర్‌కు కూడా జపాన్ వాళ్లు 1969లోనే కణాల్లో పెంచిన టీకా వాడకంలోకి తెచ్చారు. అమెరికా 1978కల్లా జబ్బును దేశంలోంచి తరిమేసింది. మరి మనకెందుకింత ఆలస్యం? ఎద్దు రైతుది, బర్రె పాలవాడిది, వాళ్ల గొంతు ఎక్కడైనా వినపడుతుంది. మన దగ్గర పందిని పెంచింది ఎక్కువగా ఎరుకలవాళ్లూ, ఊరి చివర ఉండే పేదలూ. మున్సిపాలిటీకి పందులు గుర్తొచ్చేది వాటిని తోలెయ్యడానికే. విద్య చేతిలో ఉన్నా వరసలో పంది చివర నిలబడింది. నేను ఉద్యోగంలో చూసిందీ ఇదే.

పంది విషయంలో అన్ని వైరస్‌లూ ఇలా మాట వింటాయని అనుకోకండి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అని ఇంకోటి ఉంది. పైకి లక్షణాలు అచ్చం ఇవే, లోపల మాత్రం ఏ చుట్టరికమూ లేదు. ఇది డీఎన్‌ఏ వైరస్, చాలా పెద్దది. నూట యాభైకి పైగా జన్యువులు. 1921లో కెన్యాలో మొదటిసారి దీని గురించి రాశారు. 2007లో జార్జియా దేశానికి, 2018లో చైనాకు, 2020లో మన అస్సాం, అరుణాచల్‌లకు వచ్చింది. ఓడల్లోంచి దించిన వంటచెత్త తిన్న పందుల వల్లే అది జార్జియాలో దిగిందని అనుకుంటారు. ఉప్పు పట్టించిన పంది మాంసంలో నెలల తరబడి బతుకుతుంది.

దీనికి టీకా చేయడం ఎందుకింత కష్టం? శరీరంలో చొరబడ్డ క్రిములను మింగి హరించే మాక్రోఫేజులనే తెల్లకణాల్లోనే ఇది కాపురం పెడుతుంది. చచ్చిన వైరస్‌తో చేసిన టీకాలు పనిచేయలేదు. ప్రతిరక్షకాలు పుట్టినా అవి ఒక్కటే దీన్ని ఆపలేవు. అమెరికాలో ప్లమ్ ఐలాండ్ శాస్త్రవేత్తలు ఈ వైరస్ నుంచి ఐ177ఎల్ అనే ఒక జన్యువును తీసేసి చూస్తే అది మెత్తబడింది. దాని ఆధారంగా వియత్నాం 2022లో టీకాకు అనుమతిచ్చింది. కొన్ని నెలలకే టీకా వేసిన పందులు వందల్లో చచ్చాయని వాడకం ఆపి, మళ్లీ పరీక్షించి, 2023లో మాంసం కోసం పెంచే పందుల వరకు అనుమతిచ్చారు. బతికున్న టీకాతో ఎప్పుడూ ఉండే తంటా ఇదే. మరీ మెత్తబడితే రక్షణ రాదు, చాలినంత మెత్తబడకపోతే అదే జబ్బవుతుంది.

మిర్యాలగూడ వాళ్లకు మరీ దగ్గరి సంగతి ఒకటి మిగిలింది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి పరుచుకుంది. నిలవ నీళ్ల మడుల్లో క్యూలెక్స్ దోమలు పుడతాయి, ఆ మడుల్లోనే కొంగలు వాలతాయి, ఊరి చివర పందులుంటాయి. జపనీస్ మెదడువాపు వైరస్‌కు కావలసినవి ఈ మూడే. కొంగ నుంచి దోమకు, దోమ నుంచి పందికి. పందికి పెద్దగా ఏమీ కాదు, చూడి పంది ఈసుకుపోవడం తప్ప. కానీ దాని రక్తంలో కొన్ని రోజులపాటు వైరస్ విపరీతంగా పెరిగి, కుట్టిన ప్రతి దోమకూ ఎక్కుతుంది. ఆ దోమ పిల్లలను కుడితే మెదడువాపు. మనిషి నుంచి మాత్రం దోమకు తిరిగి ఎక్కదు.

"అయితే పందులకే టీకా వేస్తే సరిపోతుంది కదా!" అంది చిన్ని. మంచి ప్రశ్న. జపాన్‌లో పందులకు కూడా వేస్తారు. కానీ పంది ఏటా కొత్త పిల్లలను పెడుతుంది, ఆ పిల్లలకు పాత రక్షణ ఉండదు, వీధుల్లో తిరిగేవాటిని పట్టుకుని సీజనుకు ముందే సూదులు వేయడం అయ్యే పని కాదు. అందుకని మన దగ్గర పిల్లలకే వేస్తున్నారు. ఆ టీకా కథ కూడా ఇదే దారిలో నడిచింది. వెనక కసౌలీలో దాన్ని ఎలుక మెదడులో పెంచేవాళ్లు. 2013లో మన హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్లు, కర్ణాటకలోని కోలారులో దొరికిన వైరస్‌ను కణాల్లో పెంచి జెన్‌వ్యాక్ తెచ్చారు. ఎలుక పోయి సీసా వచ్చింది.

ఇక స్వైన్ ఫీవర్ టీకా వేయడంలో కిటుకు చెప్పి ముగిస్తాను. పంది పిల్లకు తల్లి గర్భంలో ప్రతిరక్షకాలు అందవు. పుట్టిన మొదటి రోజు తాగే జున్నుపాలలోనే అన్నీ వస్తాయి. అందుకే ఈనిన వెంటనే ప్రతి పిల్లకూ చన్ను అందేట్టు చూడాలి. టీకా వేసిన తల్లి పాలు తాగిన పిల్లకు మరీ తొందరపడి సూది వేస్తే, తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలే టీకా వైరస్‌ను చంపేస్తాయి, డబ్బు దండగ. ఆలస్యం చేస్తే పాల రక్షణ పోయి జబ్బు ముందొస్తుంది. సుమారు రెండు నెలల వయసు సరైన అదను. అది పొడిగా గడ్డకట్టించిన బతికున్న టీకా. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, దొడ్డి దాకా మంచుపెట్టెలో రావాలి. మే నెలలో సూర్యాపేట ఎండలో బండి డిక్కీలో పడేసి తెస్తే అందులో మిగిలేది ఉత్త పొడే.

ఇంకో మెలిక ఉంది. టీకా సీసాలో చాలా డోసులుంటాయి. నీళ్లు కలిపాక కొన్ని గంటల్లో వాడేయాలి, దాచుకోవడం కుదరదు. ఆరు పందులున్నవాడు ఒక్కడే వస్తే మిగతా డోసులు పారబోయాల్సిందే, అందుకే డాక్టరు కూడా సీసా విప్పడానికి వెనకాడతాడు. పెంచేవాళ్లు పదిమంది ఒక రోజు అనుకుని, పిల్లలు రెండు నెలలకు వచ్చే సమయానికి దవాఖానలో ముందే పేర్లు రాయించుకుంటే సీసా వృథా కాదు, డాక్టరూ దొడ్డి దగ్గరికే వస్తాడు. కేంద్రం పశువుల జబ్బుల నివారణ పథకంలో గొర్రెల పీపీఆర్ జబ్బుతో పాటు స్వైన్ ఫీవర్‌ను కూడా చేర్చింది కాబట్టి అడిగే హక్కు ఉంది. ఆ రోజు దాకా చేయాల్సింది ఒకటే. హోటల్ ఎంగిలిని కళపెళా మరిగించి చల్లార్చి పోయాలి. ఆ ఎంగిలిలో పంది మాంసం ముక్క ఒకటి ఉన్నా చాలు, అందులోంచి ఏ వైరస్ దిగుతుందో మనకు కనపడదు. ఆఫ్రికన్ రకానికి మన దగ్గర టీకా లేదు, ఆ మరిగించడమే దానికి మందు. టీకా వరసలో మనల్ని చివర నిలబెట్టారని ఇన్నాళ్లు అనుకున్నాం, నిజమే. టీకా ధర 2020లో 2 రూపాయలకు దిగొచ్చింది. ఇక ముందుకు జరగాల్సింది మనమే.